చుక్క తప్పింది

నోటీసు బోర్డు అద్దం మీద వాన మరక.
చేతి రుమాలుతో తుడిచి మళ్ళీ చూసింది నెలిజా.
డెబ్బై రెండు.
డెబ్బై అయిదొస్తేనే పాసు.
జీప్నీలో మూడు పెసోలు తక్కువైతే
డ్రైవరు పోనీలే అంటాడు.
ఫార్మకాలజీ అనదు.

తప్పింది ఒకే ఒక్క చుక్క.
సున్నా పాయింట్ అయిదు ఉండాల్సిన చోట
ఉత్త అయిదు.
ప్రశ్నలో రోగికి పేరు లేదు,
బరువు మాత్రం ఉంది, పన్నెండు కిలోలు.
పన్నెండు కిలోలంటే చంటివాడు గదా అని
ఇలోయిలో రేవులో టికెట్టు కొన్నాక తట్టింది.
పట్టపగలు చుక్కలు కనపడ్డాయి.

గ్విమరాస్ పడవ వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది.
ఆమె ఎక్కలేదు.
అవతలి ఒడ్డున అక్క జొవెలిన్
నిచ్చెన మీద నిలబడి
మామిడి పిందెలకు కాగితం సంచులు తొడుగుతూ ఉంటుంది.
సంచికి ఒక పెసో.
ఈ ఒక్క సబ్జెక్టూ మళ్ళీ చదవాలంటే
నలభై వేల సంచులు.
ఆ లెక్క మాత్రం
కాగితం లేకుండానే వచ్చేసింది.

మూడు రోజులు గది తలుపు తీయలేదు.
తోటి పిల్లలు తలుపు సందులోంచి
బిస్కెట్ల పొట్లం తోశారు,
"నీ తప్పేం లేదు" అని చీటీ తోశారు.
చీటీ చింపేసింది.
నా తప్పు కాకపోతే ఎవరిది?
బిస్కెట్లు తినేసింది.

నాలుగో రోజు ఇంటామె ప్రెసింగ్ వచ్చి
గుమ్మంలోనే నిలబడి అంది:
"మా చెల్లిని వార్డులో వేశారు.
రాత్రి పక్కన మనిషి కావాలట.
నర్సు అక్కర్లేదు,
నిద్రపోని మనిషి చాలు.
నీకెలాగూ నిద్ర లేదుగా."

యూనిఫాం వేసుకోలేదు.
పాత చొక్కా, రబ్బరు చెప్పులు,
ప్లాస్టిక్ స్టూలు.
నలభై మంచాలకు ఇద్దరే నర్సులు.
సెలైన్ సీసాలోంచి చుక్క,
కాసేపాగి ఇంకో చుక్క.
గడియారం చూడకుండా ఉండలేకపోయింది.
నిమిషానికి ముప్పై. సరిగ్గానే ఉంది.
రెండింటికి ఆగిపోయింది.
ముసలామె నిద్రలో మోచేయి మడిచింది, అంతే.
మెల్లగా చాపితే మళ్ళీ మొదలైంది.
అది ఎవరూ మెచ్చుకునే పని కాదు.

తర్వాత పెద్ద నర్సు వచ్చింది, సిరంజి పట్టుకుని.
జుట్టు సగం నెరిసింది.
సూది గుచ్చలేదు.
వార్డు ఆ చివరనున్న కుర్రనర్సును పిలిచింది,
ఆమె ఎవరికో బెడ్‌పాన్ పెడుతోంది.
ఆగింది.
నాలుగు నిమిషాలు సిరంజి పట్టుకుని
నిలబడే ఉంది.
కుర్రది చేతులు కడుక్కుని వచ్చాక
"చదువు, పైకి చదువు" అంది.
"చుక్కకి ముందు సున్నా ఉందా చూడు.
లేకపోతే అది చీమలా ఎటో పోతుంది."

నెలిజా స్టూలు మీదే కూర్చుని వింది.
ఇన్నేళ్ళ చెయ్యి
ఇంకో కళ్ళ కోసం కాచుకుంది.
పరీక్ష గదిలో
పక్కవాళ్ళ కాగితం చూడకూడదు.
ఇక్కడ చూడకపోతేనే తప్పు.

కిటికీలో వేగుచుక్క ఆరకముందే
మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసింది.
ఏడుపు ముందు, మాట తర్వాత.
తప్పాననీ,
జనవరిలో మళ్ళీ ఆ క్లాసులోనే,
జూనియర్ల మధ్య కూర్చుంటాననీ,
నలభై వేల సంచులు అడగడానికి నోరు రావట్లేదనీ.

అటువైపు కాసేపు కోడి కూత తప్ప
ఏమీ లేదు.
"ఫీజెంత?"
"నాలుగు వేల పెసోలు."
"సంచికెంత?"
"ఒక పెసో."
"మళ్ళీ చెయ్యి లెక్క."

చేసింది.
చెప్పలేదు.

"ఏమే," అంది జొవెలిన్,
"మూడు రోజుల నుంచీ
ఏడ్చింది కూడా పదింతలేనా?"